మూసుకోని ఎర్ర గొడుగు

శనివారం పొద్దున సరేనమ్మ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. రెండు బ్రెడ్డు ముక్కలు తినాలి, ఊరంతా ఒంటరిగా తిరగాలి, మధ్యాహ్నానికల్లా క్లాసుకు వెళ్లి చూసినదంతా చెప్పాలి. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడిదని ఆమె అనుకుంది. బ్రెడ్డు తినడం వరకూ నిజంగానే ఏ తప్పూ జరగలేదు.

సరేనమ్మ అన్నది అసలు పేరు కాదు. పెద్దవాళ్లు ఏం చెప్పినా ముందు సరేననేసి, ఏమన్నారో తరవాత ఆలోచిస్తుందని చిన్నప్పుడు బాబాయి పెట్టిన పేరు. అదే ఖాయమైంది. ఆరు నెలలు పరాయి దేశంలో చదువుకుని వస్తావా అని కాలేజీవాళ్లు అడిగినప్పుడు కూడా ఆమె సరేననే అంది. విమానం ఎక్కాక గానీ భయం వేయలేదు.

ఇంత దూరం వచ్చింది ఒకే ఒక్క పాఠం కోసం. ఆమె చదువు నగరాల నిర్మాణం గురించి. ఇక్కడి ప్రొఫెసరు గారు ఆ పాఠాన్ని గదిలో చెప్పరు, ఊళ్లో నడిపిస్తూ చెబుతారు. కానీ సగం మందినే వెంట తీసుకెళ్తారు. చోటు దొరకనివాళ్లు ఆరు నెలలూ లైబ్రరీలో పటాలు చూసుకుంటూ కూర్చోవాలి. ఆ పటాలు సొంత ఊళ్లోనూ దొరుకుతాయి, విమానం ఎక్కనక్కర్లేదు.

ఎవరిని తీసుకోవాలో తేల్చడానికి ప్రొఫెసరు గారు పెట్టిన పరీక్ష ఈ శనివారం నడక. ఫోన్లు డిపార్ట్‌మెంట్‌లో ఇచ్చేయాలి. ఎవరికి వాళ్లు ఒంటరిగా నడవాలి. వచ్చి ఏం చూశారో చెప్పాలి. వెళ్తూ వెళ్తూ ఆయన, “మీరెలా నడిచారో నాకు తెలియకుండా పోదు” అని కూడా అన్నారు. మిగతా విద్యార్థులు దాన్ని ఊరికే అన్న మాట కింద తీసేశారు. సరేనమ్మ తీసేయలేదు. ఎందుకంటే ఆమె ఒక లెక్చరరు గారి అమ్మాయి.

ఆ లెక్చరరు గారు ఏటా పరీక్షలప్పుడు స్క్వాడ్‌లో తిరిగేవారు. చెప్పాపెట్టకుండా పరీక్ష హాల్లోకి జొరబడి కాపీలు పట్టుకోవడం ఆయనకు కాఫీ కన్నా ఇష్టమైన పని. భోజనాల దగ్గర కూతురికి ఆయన నేర్పిన నీతి ఒకటే. స్క్వాడ్ వస్తే తలెత్తకూడదు, వాళ్లవైపు చూడకూడదు, పలకరించకూడదు. తలెత్తి చూసినవాడి జేబులే ముందు తడుముతారు.

ఆమె హాస్టలు మెట్లు దిగేసరికి సన్నగా తుంపర పడుతోంది. అమ్మ పెట్టె అడుగున కుక్కి పంపిన ఎర్ర గొడుగు ఉండనే ఉంది. మీట నొక్కగానే టప్పున తెరుచుకుంది. ఊరి నడిబొడ్డున పెద్ద గడియారం దగ్గరికి చేరేసరికి తుంపర ఆగింది. గొడుగు మూయబోతే మూసుకోలేదు. నొక్కింది, లాగింది, చుట్టూ చూసి ఎవరూ తనను గమనించడం లేదనుకుని మోకాలితో ఒకటి పొడిచింది. గొడుగు నిమ్మకు నీరెత్తినట్టు అలాగే ఉంది.

ఎవరూ గమనించడం లేదన్నది ఆమె అపోహ. గడియారం కింద పది పదిహేను మంది పెద్దవయసువాళ్లు ఆమెనే కళ్లప్పగించి చూస్తున్నారు. వాళ్లు పొరుగూరి నుంచి ఈ ఊరు చూడటానికి వచ్చిన బృందం. వాళ్లు డబ్బు కట్టింది మౌన నడకకు. ఆ యాత్రల కంపెనీ కొత్తగా కనిపెట్టిన పద్ధతి అది. గైడు మాట్లాడడు, చూసేవాళ్లూ మాట్లాడరు. ఎర్ర గొడుగు ఎటు వెళ్తే అటు వెళ్లాలి, గొడుగు మూసినప్పుడే నోరు తెరవాలి. ఈ సంగతి ముందురోజు వాళ్లకు హోటల్లో గట్టిగా చెప్పారు. గైడు ఎలా ఉంటాడో మాత్రం చెప్పలేదు. ఆ సమయానికి అసలు గైడు పక్క వీధిలో వేడి కాఫీ ఊదుకుంటూ తాగుతున్నాడు.

సరేనమ్మ తెరిచిన గొడుగుతోనే బయలుదేరింది. బృందం కూడా బయలుదేరింది.

సరేనమ్మ మొదట మ్యూజియానికి వెళ్లింది. గుమ్మం దగ్గర కాపలాదారు గొడుగు మూసి రమ్మన్నాడు. మూసుకోవడం లేదని చెబితే, అయితే అది మూసుకున్నాకే రమ్మన్నాడు. బస్సు డ్రైవరూ అదే మాట అన్నాడు. పారేద్దామంటే అమ్మ ఇష్టపడి కొన్నది. ఇక దీన్ని బాగుచేసేవాడిని వెతకాల్సిందే అనుకుని ఆమె పెద్ద వీధి వదిలి సందుల్లోకి తిరిగింది. ఆ మలుపులోనే వెనక చాలా జతల బూట్ల చప్పుడు వినిపించి, ఆగి చూసింది.

అంత మందీ ఆగారు. బూడిదరంగు కోటు వేసుకున్న ఒక పెద్దావిడ అందరికంటే ముందుంది. దారి తప్పారేమోనని సరేనమ్మ దగ్గరికి వెళ్లి, “ఏమైనా కావాలా అండీ?” అని అడిగింది. ఆవిడ చిరునవ్వుతో పెదవుల మీద వేలు పెట్టి, ముందుకు నడవమన్నట్టు చేత్తో చూపించింది. ఆవిడ వెనక కెమెరా పట్టుకున్న ఒక ముసలాయన సరేనమ్మను ఒక ఫోటో తీశాడు, గొడుగును ఇంకో ఫోటో తీశాడు.

సరేనమ్మ లెక్క వేసుకుంది. మాట్లాడరు, వెంట వస్తారు, ఫోటోలు తీస్తారు. స్క్వాడ్ కాక ఇంకేమిటి? ప్రొఫెసరు గారు అన్నంత పనీ చేశారు. అంత మందిని ఒక్కదాని మీదికే ఎందుకు పంపారో అర్థం కాలేదు. బహుశా తన మీదే అనుమానం ఎక్కువేమో. నాన్న చెప్పిన నీతి తలుచుకుని తల తిప్పుకుంది. ఆ తరవాత మెడ విరిగిపోయినా వెనక్కి చూడలేదు.

సైకిళ్లు బాగుచేసేవాడు గొడుగు కర్రలో నూనె పోశాడు. అంతకుముందు కాస్త కదిలే మీట నూనె తాగి పూర్తిగా బిగుసుకుంది. నూనె పోస్తున్నంతసేపూ బృందం చుట్టూ నిలబడి భక్తిగా చూసింది. అక్కడి నుంచి అతను చెప్పిన లాండ్రీకి, లాండ్రీ ఆవిడ చెప్పిన తాళాలవాడి దగ్గరికి, అతను చేతులెత్తేస్తే చెప్పులు కుట్టే అతని దగ్గరికి వెళ్లింది. సందు వెనక సందు. ప్రతిచోటా గొడుగుకు వైద్యం, ప్రతిచోటా కెమెరా చప్పుడు.

ఇంతవరకూ జరిగింది గొడుగు తప్పు. ఇక్కడి నుంచి ఊరివాళ్లది.

ముందు తలవంచుకుని ఒక పిల్ల, వెనక నోరు మెదపని పెద్దవాళ్ల వరస. చూసినవాళ్లకు ఏమనిపిస్తుంది? పాలవ్యానులోంచి సరుకు దించుకుంటున్న అతను టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. రేడియో పెట్టుకున్న దుకాణంవాడు దాన్ని ఆపేశాడు. పూలకొట్టు ఆవిడ గబగబా బయటికి వచ్చి, సరేనమ్మ చేతిలో తెల్లపూల గుత్తి పెట్టి, భుజం తట్టి, డబ్బు వద్దని చెయ్యి ఊపింది. తనకంటే పెద్దామె ఇచ్చింది కాబట్టి సరేనమ్మ సరేనని పుచ్చుకుంది. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో తెల్లపూలు. ఇక చూసేవాళ్లకు ఎవరో పోయారనడంలో అనుమానం మిగల్లేదు. దారినపోయేవాళ్లు కూడా నలుగురైదుగురు మర్యాదకు వెనక చేరారు.

పెద్ద కూడలిలో ట్రాఫిక్ పోలీసు ఈ వరసను చూసి అన్నివైపులా బండ్లు ఆపించాడు. అంతటితో ఊరుకోకుండా టోపీ చంకలో పెట్టుకుని ముందు నడవసాగాడు. ఎటు వెళ్లాలని మెల్లగా అడిగితే, సరేనమ్మ యూనివర్సిటీకి అంది. చేతికి గడియారం లేకపోయినా మధ్యాహ్నం దగ్గరపడిందని ఆమెకు తెలుసు. ఒక్క నడక పరీక్షకు పోలీసును కూడా పెట్టారంటే ఇది ఎంత గొప్ప యూనివర్సిటీయో అనుకుంది.

క్లాసు కిటికీలోంచి ప్రొఫెసరు గారు ఈ ఊరేగింపును చూశారు. పోలీసు, పూలు, వంచిన తలలు. యూనివర్సిటీలో ఎవరో పెద్దవాళ్లే పోయారనుకుని ఆయన విద్యార్థులందరినీ లేచి నిలబడమన్నారు. గుమ్మంలో గొడుగు పట్టక సరేనమ్మ దాన్ని పక్కకు వాల్చి లోపలికి వచ్చింది. పెద్దవాళ్లంతా వచ్చి ఖాళీ బెంచీల మీద సర్దుకుని కూర్చున్నారు. పోలీసు గోడవారన నిలబడ్డాడు.

ప్రొఫెసరు గారు గొంతు తగ్గించి, “ఎవరు పోయారమ్మా?” అని అడిగారు.

“ఎవరూ పోలేదు సార్. మీరు పంపినవాళ్లు అందరూ వచ్చేశారు.”

“నేనెవరినీ పంపలేదే.”

సరేనమ్మ ఆ రోజు రెండోసారి వెనక్కి తిరిగి చూసింది. ప్రొఫెసరు గారు బెంచీల దగ్గరికి వెళ్లి, తమరెవరని ఒక్కొక్కరినీ అడిగారు. అందరూ పెదవుల మీద వేలు పెట్టి గొడుగు వైపు చూపించారు. గొడుగు మూస్తే గానీ వాళ్లు చెప్పరు. గొడుగేమో మూసుకోదు. పోలీసు కూడా వచ్చి ఒక చెయ్యి వేసి లాగాడు. నూనె చుక్కలు ప్రొఫెసరు గారి చొక్కా మీద పడ్డాయి, అంతే.

అప్పుడు రొప్పుతూ ఒకతను లోపలికి వచ్చాడు. అతని చేతిలోనూ ఎర్ర గొడుగు. బెంచీల మీద తన మనుషులను చూసి అతనికి ఏడుపొక్కటే తక్కువ. కాఫీ తాగి వచ్చేసరికి బృందం లేదట. ఎర్ర గొడుగు చూశారా అని ఎవరిని అడిగినా, చూశాం, శవయాత్ర ఇటే వెళ్లిందని చెప్పారట. తన మనుషులు పొద్దున బాగానే ఉన్నారు కాబట్టి ప్రతిసారీ అతను ఇంకో దారి పట్టాడట. ఇక చేసేది లేక చివరికి ఆ శవయాత్ర జాడే పట్టుకుని ఇక్కడికి వచ్చాడట. ఇదంతా చెప్పి, అందరికీ కనిపించేలా తన గొడుగు తెరిచి మూశాడు. “నడక అయిపోయిందండీ” అన్నాడు.

పొద్దుటి నుంచి ఆపుకున్న మాటలన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. ఆ గోలలో ముందు అర్థమైంది ఏమిటంటే, వాళ్లకు ఈ నడక తెగ నచ్చింది. ఈ ఊరికి ఎన్నిసార్లు వచ్చినా అవే విగ్రహాలు చూపించేవారట. బూడిదరంగు కోటావిడ జీవితమంతా బట్టలు కుట్టిన మనిషి. లాండ్రీ వెనక సందులో ఎదురెదురు కిటికీలకు ఒకే తాడు కట్టి రెండిళ్లవాళ్లూ ఎలా ఆరేసుకుంటున్నారో ఆవిడ చేతులు ఊపుతూ చెప్పింది. తాళాలవాడి వీధిలో ఏ తలుపూ రోడ్డు వైపు తెరుచుకోదని ఇంకొకాయన చెప్పాడు. కెమెరా ముసలాయన చెప్పులు కుట్టే అతని బల్ల ఫోటోలు చూపించాడు. నూనె పోసే ఘట్టం ఎవరు రాశారని ఒకావిడ అడిగింది.

ప్రొఫెసరు గారు చొక్కా సంగతి మరిచిపోయి విన్నారు. మిగతా విద్యార్థులందరూ ఒకరి తరవాత ఒకరు పెద్ద గడియారం గురించే చెప్పి ఉన్నారు మరి. ఆయన సంతోషంగా సరేనమ్మ వైపు తిరిగి, “దారి భలే ఎంచుకున్నావు. ఆ లాండ్రీ సందులో నువ్వేం చూశావు?” అని అడిగారు.

సరేనమ్మ నోరు తెరిచింది. ఆ సందు గుర్తుచేసుకుంది. ఇనప పుల్లలు, ఎర్ర గుడ్డ, బిగుసుకున్న మీట. వెనక స్క్వాడ్, పైన గొడుగు. మధ్యలో ఉన్న ఊరును ఆమె అసలు చూడనే లేదు.

“గొడుగు చూశాను సార్” అంది.

క్లాసులో ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదని ఆమెకు అనిపించింది. ప్రొఫెసరు గారు, “నడిచింది నువ్వు, చూసింది వాళ్లు” అన్నారు. అందులో కోపం లేదు. అందుకే మరీ సిగ్గేసింది. ఇంత దూరం వచ్చి, ఇంత ఊరు తిరిగి, చెప్పడానికి ఒక్క ముక్క లేకుండా నిలబడినందుకు ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చేతిలో తెల్లపూలు ఉండటంతో ఆ ఏడుపు చూడటానికి ఇంకా ఘోరంగా ఉంది. గోడవారన పోలీసు తల దించుకున్నాడు.

కోటావిడే లేచింది. “ఆ పిల్ల చూడకపోయినా మాకు చూపించింది కదండీ. ఇంకొక్కసారి నడవనివ్వండి.”

ప్రొఫెసరు గారు ఒప్పుకున్నారు. వచ్చే శనివారం, ఒంటరిగా, ఇదే ఆఖరుసారి అన్నారు. “నేనెవరినీ పంపను. కావలిస్తే వెనక్కి చూసుకుంటూ నడువు” అని కూడా అన్నారు.

ఆ శనివారం సరేనమ్మ గొడుగు ముట్టుకోలేదు. అది గదిలో ఒక మూల తెరుచుకునే ఉంది, రూమ్మేట్ దాని పుల్లలకు మేజోళ్లు ఆరేసుకుంటోంది. ప్రతి మలుపులోనూ వెనక్కి చూసుకుంటూ నడిచింది. ఎవరూ లేరు. ఆ సందులన్నీ కలిసే చోటికి వచ్చేసరికి ఉన్నట్టుండి కుండపోతగా వాన పట్టుకుంది. పరిగెత్తి పూలకొట్టు పందిరి కిందికి చేరింది.

పూలకొట్టు ఆవిడ ఆమెను గుర్తుపట్టింది. ఏమీ అడక్కుండా స్టూలు వేసి, తుడుచుకోమని తువ్వాలు ఇచ్చింది. కాసేపయ్యాక, “మనసు కొంచెం కుదుటపడిందా తల్లీ?” అంది. సరేనమ్మ నిజం చెప్పేద్దామనుకుంది. కానీ మనసు కుదుటపడిన మాట కూడా నిజమే కదా. పడిందండీ అంది.

వాన తగ్గేదాకా ఆమె ఆ స్టూలు మీదే కూర్చుని వీధిని చూసింది. చినుకు పడగానే సైకిళ్లవాడు తన సైకిళ్లను ఎదుటి లాండ్రీలోకి తోశాడు, అడగలేదు, వాళ్లూ ఏమనలేదు. లాండ్రీ వాళ్ల బుట్టలు తాళాలవాడి కొట్లోకి వెళ్లాయి. పాలవ్యాను అడ్డంగా ఆగితే దాని పక్కన ఇద్దరు బడిపిల్లలు తడవకుండా నిలబడ్డారు. వాన పడితే ఆ వీధిలో ఎవరి గుమ్మం వాళ్లది కాదు. కూడలి దగ్గర పోలీసు ఆమెను చూసి, నీళ్లు కారుతున్న టోపీ తీసి పట్టుకున్నాడు.

చూసింది చూసినట్టు మధ్యాహ్నం క్లాసులో చెప్పింది. ఒక్క స్టూలు మీద కూర్చుని ఇంత చూస్తే దాన్ని నడక అనవచ్చా అని ప్రొఫెసరు గారు కాసేపు ఆలోచించి, అనవచ్చన్నారు. ఆమెకు చోటు దొరికింది.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. అక్కడ పెద్ద వాన పడిందట కదా, గొడుగు తెరిచావా లేక పెట్టెలోనే దాచావా అని అడిగింది. సరేనమ్మ మూలకు చూసింది. గొడుగు నిండా మేజోళ్లు వేలాడుతున్నాయి.

“తెరిచే ఉందమ్మా” అంది. అందులో అబద్ధం ఏమీ లేదు.