కుట్టుమిషను నో జలజాక్షి

జపాన్ భాషలో రెండు పేర్లను కలిపే ‘నో’ అనే అక్షరాన్ని కొత్తరేవు పురపాలక సంఘం ఇనుముతో పోత పోయించి, ఆషాఢంలో పౌరుల భుజాలకు బిగించింది. మన ‘యొక్క’ను అర్జీల్లో తప్ప ఎవరూ వాడడం లేదని, అందుకే దాని పట్టు సడలిందని ఇంజనీరు నివేదిక ఇచ్చాడు. ‘నో’ కొక్కెంలా ఉంటుంది. ముందున్నవారికి వెనకున్నది చెందుతుంది. మస్తాన్ నో సైకిల్ అంటే మస్తాన్ సైకిలే. విప్పుకోవాలంటే ముందున్నవారికి చెప్పి విప్పుకోవాలి.

సైకిళ్ల దొంగతనాలు ఆ వారమే ఆగిపోయాయి. జలజాక్షికి మాత్రం చిక్కు వచ్చింది. ఆమెకు నలభై ఆరేళ్లు, పాత ఆసుపత్రి వీధిలో జాకెట్లు కుడుతుంది. అంగడిని తన వెనక తగిలించుకోవాలంటే, ఆడమనిషి కాబట్టి ముందు ఆమె ఎవరి వెనకైనా తగిలి ఉండాలి. పెళ్లి చేసుకోలేదు. తండ్రి పోయాడు. పోయినవాళ్లు కొక్కెం బరువు మోయలేరని నిబంధన. శనివారంలోగా తగలకపోతే అంగడికి సీలు వేస్తారు.

“ఎవరి నో జలజాక్షి?” అని పురపాలక సంఘం ఆఫీసులో గుమాస్తా పెంచలయ్య అడిగాడు.

“ఎవరి నో కాదు నాయనా. జలజాక్షి, అంతే.”

“ఒట్టి జలజాక్షంటే కంప్యూటర్ తీసుకోదు గదక్కా. తమ్ముడున్నాడు గదా?”

“వాడి వెనక తగిలితే నా అంగడి గూడా వాడి వెనకే పోద్ది.”

“పోద్ది. రూలంతే.”

“ముందుండేది మనిషే అయ్యుండాలని రాశారా రూల్లో?”

పెంచలయ్య భోజనం దాకా వెతికాడు, భోజనం తర్వాత కూడా వెతికాడు. ‘పేరు’ అని ఉంది. మనిషి అని లేదు.

శుక్రవారం జలజాక్షి కుట్టుమిషన్ను ఆటోలో తెచ్చింది. దానికి నంబరు ఉంది, బిల్లు ఉంది, ఒకే చిరునామాలో ఇరవై రెండేళ్ల నివాసం ఉంది. ఇన్ని ఆధారాలు చాలామంది ఇంటి యజమానులకు లేవని పెంచలయ్య ఫైల్లో రాశాడు. పదకొండు నలభైకి కొక్కెం బిగించారు. కుట్టుమిషను నో జలజాక్షి నో అంగడి.

వరసలో మొగుడి వెనక తగిలి నిలబడ్డ ఎదురింటి వెంగమ్మ అంతా చూసింది.

“మీ మిషను తాగుద్దా, మే?”

“నూనె. వారానికి రెండు చుక్కలు.”

“పెట్టి పుట్టావు,” అంది వెంగమ్మ. మొగుడు వెనక్కి తిరగలేదు.

అంగడికి సీలు పడలేదు. శ్రావణంలో జలజాక్షి కరెంటు మీటరుకు అర్జీ పెట్టింది. ముందున్నవారి సమ్మతి కావాలని పెంచలయ్య అంగడికి వచ్చి మిషన్ను మూడుసార్లు అడిగాడు. అది మాట్లాడలేదు. ‘అభ్యంతరం లేదు’ అని రాసుకుని వెళ్లాడు.

సాయంత్రం దారం అయిపోయింది. జలజాక్షి లేచి, కొక్కెం మీద చెయ్యి వేసి, మిషను వైపు తిరిగింది.

“బజారుకు పొయ్యొస్తా,” అంది.

జవాబు రాలేదు. కాసేపు ఆగి, కొక్కెం విప్పుకుని వెళ్లింది.

ఎదురు అరుగు మీద మొగుడి వెనక కూర్చున్న వెంగమ్మకు ఇందులో వింతేమీ కనపడలేదు. తనైతే ఇంకాసేపు ఆగుతుంది.