ఇంజనుకు చెవి పరీక్ష

ఆ బుధవారం ఉదయం లైబ్రేరియన్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పది గంటలకు, లైసెన్సున్న మనిషి తోడుండాలి కాబట్టి మొగుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని కారు తీయడం, పదకొండుకు డ్రైవింగు పరీక్ష పాసవడం. అంతే. ఇంతకుముందు రెండుసార్లు రివర్సు దగ్గరే తప్పింది. ఈసారీ తప్పితే, పుస్తకాలు వేసుకుని వీధివీధీ తిరిగే లైబ్రరీ వ్యాను పక్క సెక్షన్ గుమాస్తా చేతికి పోతుంది. ఈ సాయంత్రంలోగా లైసెన్సు చూపించకపోతే తన చేతుల్లో ఏమీ లేదని లైబ్రరీ ఆఫీసరు తెగేసి చెప్పాడు. ఆ వ్యాను మీద ఆవిడకు ఎంత మోజంటే, ఏ అరలో ఏ పుస్తకం పెట్టాలో కూడా రాసి ఉంచుకుంది.

తొమ్మిదింటికి ఒకసారి చూసుకుందామని తాళం తిప్పింది. ఇంజను స్టార్టయింది, దాంతోపాటు ఎదురుగా నారింజ రంగు లైటు కూడా వెలిగింది. ఆ లైటు వెలుగుతున్న బండిని పరీక్ష గ్రౌండు గేటు కూడా దాటనివ్వరు.

"ఏమండీ! ఒకసారి రండి!"

ఆయన చెవుల డాక్టరు. సగం గీసిన గడ్డంతో పరుగెత్తుకొచ్చి, స్టీరింగు కింద స్కానరు తగిలించాడు. దాని తెర మీద వచ్చింది చదవగానే ఆయన మొహం పండగైపోయింది.

"నాక్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపమట! ఏంటో తెలుసా అది?"

"తెలీదు. బాగుచేయడం తెలిస్తే చెప్పండి."

"ఇంజన్లో పెట్రోలు అదను తప్పి పేలిందనుకో, టకటకమని చప్పుడొస్తుంది. ఆ చప్పుడు విని కంప్యూటరుకి చెప్పేదే ఈ సెన్సరు. అంటే ఏంటి? చెవి! బండికి చెవుడొచ్చింది. ఇది పూర్తిగా నా డిపార్టుమెంటు."

"మెకానిక్‌ని పిలుద్దామండీ."

"ఇరవై ఏళ్ళుగా చెవులు చూస్తున్నాను. ఇంట్లో చెవికి బయటి వాళ్ళని పిలవమంటావా?"

ఆవిడ గడియారం చూసుకుంది.

చెవుల డాక్టరు పానా తెచ్చి బానెట్ ఎత్తాడు. భార్యను డ్రైవరు సీట్లోనే కూర్చోమని, స్కానరు చేతికిచ్చాడు. సెన్సరు అడుగున కనపడకుండా ఉంటుంది కాబట్టి తాను దానికి దగ్గరగా ఇంజను మీద తడతాడు. చెవి పనిచేస్తుంటే తెర మీద అంకె కదులుతుంది. కదిలితే ఆవిడ చెయ్యెత్తాలి. క్లినిక్‌లో పేషెంట్లంతా చేసేది అదే.

టక్. అంకె సున్నా. టక్ టక్. సున్నా. "చెయ్యెత్తవేం?" "కదిలితేగా ఎత్తేది!" ఎదురింట్లో గోడకు డ్రిల్లు వేస్తుంటే, పరీక్షకు నిశ్శబ్దం కావాలని వెళ్ళి ఆపించి వచ్చాడు. మళ్ళీ టక్. సున్నా. గడియారం మాత్రం ముందుకే పోతోంది. ఈ లెక్కన ఆయన ఇంజను రెండో చెవి కూడా వెతికేలా ఉన్నాడని ఆవిడకు భయం పట్టుకుంది. పీడ వదిలిపోతుందని, అంకె కదలకపోయినా చెయ్యెత్తేసింది.

"విన్నది!" డాక్టరు గంతేశాడు. మళ్ళీ కొట్టాడు, ఆవిడ మళ్ళీ ఎత్తింది. అప్పుడాయన కళ్ళు చిన్నవయ్యాయి. పానాను గాల్లోనే ఊపి, ఇంజనుకు జానెడు దూరంలో ఆపేశాడు. ఆవిడ చెయ్యెత్తింది.

"కొట్టకుండానే విన్నదా?"

ఆవిడ చెయ్యి మెల్లగా దించేసింది.

"ఇలాంటి దొంగ పేషెంట్లని రోజూ చూస్తాను నేను! పరీక్ష మొత్తం చెల్లదు. మొదట్నుంచీ చేయాలి. స్కానరు ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ పైకెత్తు, అంకె కదిలితే దించు. అప్పుడు మోసం చేయలేవు."

బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న అత్తగారికి కిందికి చూసేసరికి కనిపించింది ఇది: కొడుకు సగం గడ్డంతో పానా ఎత్తి కారును బాదుతున్నాడు, కోడలు లోపల రెండు చేతులూ పైకెత్తి కూర్చుంది.

"ఒరేయ్! దాన్నేం చేస్తున్నావురా? అమ్మాయ్, తలుపు తీసుకుని బయటికి రా!"

ఇంజను హోరులో "తలుపు" అన్న మాట తప్ప ఆవిడకేమీ అందలేదు. చేతులు దించితే పరీక్ష మళ్ళీ మొదటికొస్తుందని, తల మాత్రం అడ్డంగా ఊపింది. తలుపు రావడం లేదు కాబోలనుకున్న అత్తగారు వెంటనే మెకానిక్‌కు ఫోను చేసి, కోడలు కార్లో ఇరుక్కుపోయిందని చెప్పింది.

ఆ కేక విని, ఆపిన డ్రిల్లు పక్కన పడేసి ఎదురింటాయన బయటికొచ్చాడు. ఆయన అగ్నిమాపక దళంలో పనిచేసి రిటైరైన మనిషి. పదేళ్ళుగా ఒక్క ప్రమాదం కూడా చేతికి దొరక్క అల్లాడుతున్నాడు. క్షణంలో ఈల నోట పెట్టుకుని వీధికి అడ్డంగా నిలబడ్డాడు. "ఎవరూ దగ్గరికి రావద్దు! లోపల మనిషుంది!" కారుకు ఎదురుగా వచ్చిన పాల వ్యాను ఆగింది. దాని వెనక స్కూలు బస్సు, దాని వెనక సిమెంటు లారీ ఆగాయి. బస్సులోని పిల్లలంతా కిటికీల్లోంచి చేతులు పైకెత్తారు, ఇదేదో కొత్త ఆటనుకుని.

ఇంతలో వెనక వైపు నుంచి మెకానిక్ గడ్డపార భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఏ తలుపమ్మా పగలగొట్టాల్సింది?" అన్నాడు ఆయాసపడుతూ.

"ఏ తలుపూ వద్దు బాబూ, ఈ లైటు ఆరిస్తే చాలు!" లైబ్రేరియన్‌కు ఏడుపొక్కటే తక్కువ.

చెవుల డాక్టరు కేసు మొత్తం వివరించబోయాడు. మెకానిక్ వినకుండా ఇంజను ఆపించి, కింది నుంచి చెయ్యి దూర్చాడు. అరనిమిషం తడిమి, పైకి లాగి చూపించాడు: సెన్సరుకు తగలాల్సిన వైరు, చివర ప్లగ్గుతో సహా ఊడి వేలాడుతోంది.

"చెవి భేషుగ్గా ఉంది డాక్టరు గారూ. వైరే పెట్టలేదు. ఈ మధ్య ఇంజను ఎవరైనా ముట్టుకున్నారా?"

డాక్టరు పానా వైపు చూసుకున్నాడు. "ఆదివారం... ఇంజన్ కడిగాను. పరీక్ష కదా, నీట్‌గా ఉండాలని..."

ప్లగ్గు తుడిచి నొక్కగానే టిక్కుమంది. ఇంజను స్టార్టు చేయించి మెకానిక్ వేలితో రెండుసార్లు గట్టిగా తట్టాడు, తెర మీద అంకె ఎగిరి గంతేసింది. లైబ్రేరియన్ ఈసారి నిజంగానే చెయ్యెత్తింది. బస్సు పిల్లలు చప్పట్లు కొట్టారు. స్కానరులో పాత లోపం చెరిపేసి, బానెట్ మూసి, లైటు మళ్ళీ వస్తుందేమో చూద్దామని మెకానిక్ పక్క సీట్లో కూర్చున్నాడు.

పదీ నలభై. ముందు వైపు లారీ దాకా బండ్లు. ఉన్న దారల్లా వెనక్కే, అరవై గజాల సందు. ఆవిడ కిటికీ అద్దాలెత్తేసి, ఊపిరి బిగబట్టి, రివర్సు వేసింది. బయట మామూలు గోల కాదు. ఎదురింటాయన ఎడమంటాడు, అత్తగారు కుడి అంటుంది, డాక్టరు రెండూ అంటూ కారు ముందు పరుగెడతాడు. ఆవిడకు ఒక్కరి మాటా వినిపించలేదు, హాయిగా వెనక్కి వెళ్ళిపోయింది. సందు దాటాక గాని, మొగుణ్ణి వదిలేసి వచ్చానని గుర్తు రాలేదు.

గ్రౌండులో రివర్సు చేయమంటే ఆవిడకు నవ్వొచ్చింది. ఇక్కడ కనీసం పాల వ్యాను కూడా లేదు. పరీక్షాధికారి సంతకం పెట్టి కాగితం చేతికిచ్చేసరికి ఆనందంతో ఆవిడ కళ్ళు చెమర్చాయి. వ్యాను తనదే!

"బండి పక్కకి తీస్తానమ్మా, మీరు ఫోను చేసుకోండి," అని మెకానిక్ స్టీరింగు ముందుకు జరిగాడు.

"ఏదీ, మీ లైసెన్సు?" అన్నాడు అధికారి, అలవాటు కొద్దీ.

మెకానిక్ ఒక జేబు తడిమాడు, రెండోది తడిమాడు, ఆనక తలొంచుకున్నాడు. "ఇరవయ్యారేళ్ళ నుంచి బండ్లు చూస్తున్నా సార్. ఎవరూ అడగలేదు."

అధికారి ఆయన్ని చూశాడు, ఆవిడను చూశాడు, లైసెన్సు లేని ఈ ఇద్దరూ బండిలో ఇక్కడికెలా వచ్చారో లెక్క కట్టబోయాడు. కాగితం మీద తన సంతకం కనిపించగానే ఆ లెక్క మానేసి, టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

నెల తిరిగాక వచ్చే బుధవారం పరీక్ష మెకానిక్‌ది. లైబ్రరీ వ్యాను పని అయ్యాక రోజూ గంటసేపు పక్కన కూర్చుని ఆయనకు రివర్సు నేర్పుతున్నది ఆవిడే.