పళ్ళసెట్టు డబ్బా మీద చీటీ

ఆ ఉదయం కోడలి ఆలోచన చిన్నదే. పదకొండింటికి పళ్ళ డాక్టరు పరీక్ష కోసం ఫోన్ చేసి, కోపంతో ఊగిపోయే పేషంటులా మాట్లాడతాడు. ఇంగ్లీషులో తడబడకుండా సముదాయిస్తే క్లినిక్‌లో ఫోనెత్తే ఉద్యోగం తనదే. పెళ్ళయ్యాక గడప దాటి చేయబోయే మొదటి పని. చంటిదాన్ని చూసుకుంటానని అత్తగారు మాటిచ్చింది కూడా. పదో తరగతితో ఆగిన చదువు కనుక, ఇంగ్లీషు మాటలు తెలుగు అక్షరాల్లో రాసి, పక్కన అర్థం పెట్టి, ఇల్లంతా చీటీలు అంటించింది. చెత్తబుట్ట మీద ‘త్రో అవే: పారెయ్యి’. వీధి తలుపు మీద ‘గెట్ అవుట్: బయటికి పో’.

ఆమె స్నానానికి వెళ్ళిన పది నిమిషాల్లో, ఏడాదిన్నర కూతురు తండ్రి వీపెక్కి ఆడుతూ, అందినవన్నీ పీకి అందినచోటల్లా అంటించింది. అతడు ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

"ఏమే, నీకేం ద్రోహం చేశానే!"

అత్తగారి కేకకు కోడలు తడిజుట్టుతో పరుగెత్తుకొచ్చింది. అత్తగారి కుర్చీ మీద ‘బయటికి పో’. ఆవిడ పళ్ళసెట్టు డబ్బా మీద ‘పారెయ్యి’.

"అయ్యో అత్తయ్యా, అవి నా పాఠాలు!"

"నన్ను గెంటడమూ పాఠమేనా? ప్రతి అక్షరం నీ చేతిరాతే!"

సాక్ష్యానికని చీటీలన్నీ పీకి గుప్పిట పట్టి, అత్తగారు కొడుక్కి ఫోన్ చేసింది. అతడు రొప్పుతూ వచ్చాడు.

"అది సరే, పొద్దుట్నుంచీ ముక్కూ మొహం తెలియనివాళ్ళు భుజం తట్టి ధైర్యం చెబుతున్నారేమిటే?"

వెనక్కి తిప్పి చూస్తే, చొక్కా మీద ‘గివ్ అప్: ఆశ వదులుకో’.

అంతలో పదకొండయింది, కోడలి ఫోన్ మోగింది. కోడలు అందుకోబోయింది. అత్తగారు లాక్కుని చెవిన పెట్టుకుంది. అవతలి గొంతు ఉరిమింది. అసలే మండిపోతున్న మనిషికి పరాయివాడి అరుపుతో అరికాలిమంట నెత్తికెక్కింది. చేతికి దొరికిన చీటీలు దొరికినట్టే చదివేసింది.

"హోల్డ్ ఆన్, ఆగు! కామ్ డౌన్, శాంతించు! కాల్ బ్యాక్, మళ్ళీ ఫోన్ చెయ్యి!"

అవతల డాక్టరు మెల్లగా అన్నాడు.

"ఒక్క ఊపిరిలో రెండు భాషల్లో జవాబు చెప్పేవాళ్ళు ఇన్నాళ్ళకు దొరికారమ్మా. రేపే చేరండి."

కోడలు "నేను..." అనబోయింది. అత్తగారు పళ్ళసెట్టు సర్దుకుంది.

"ఎన్నింటికి రమ్మంటావు నాయనా? చంటిదాన్ని మా కోడలు చూసుకుంటుందిలే."

చీటీలు రాసింది కోడలు, అంటించింది మనవరాలు, ఉద్యోగం వచ్చింది అత్తగారికి.