స్కానర్ సారు గారికి రాసుకున్న అర్జీ

ఆ ఆదివారం పొద్దున మునవ్వర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఏడింటికి లేవాలి, ఎనిమిదింటికి సమోసాలు చెప్పాలి, పదింటికి హైదరాబాదు నుంచి కంపెనీ సారు రాగానే ముప్పై ఒక్క కోరికల లిస్టు చేతిలో పెట్టాలి, పన్నెండింటికల్లా సారు ముచ్చటపడిపోయి కొత్త డిజిటల్ స్కానరు మీకే అని మాట ఇచ్చి పోవాలి. ప్లానులో తప్పేమీ లేదు. తప్పంతా నెల కింద తను రాసిన ఉత్తరంలో ఉంది.

వనపర్తి బస్టాండు వెనక గల్లీలో గడియారాలు, టేప్ రికార్డర్లు బాగుచేసే దుకాణం మునవ్వర్‌ది. అది బతుకుతెరువు. పిచ్చి వేరే ఉంది. పరీక్ష రాసి మరీ హాబీ రేడియో లైసెన్సు తెచ్చుకుని, ఫ్రేము కట్టించి, నిఖా ఫోటో పక్కనే, ఫోటో కంటే జానెడు పైన తగిలించాడు. మిద్దె మీద యాంటెన్నా, బల్ల మీద పాత స్కానరు. స్కానరంటే బ్రహ్మవిద్యేం కాదు. అదొక రేడియో. ఒక్కో చానెల్ తడుముకుంటూ తిరుగుతుంది, ఎవరిదైనా మాట వినబడితే అక్కడ టక్కున ఆగుతుంది, ఆ మాట అయిపోగానే మళ్లీ బయల్దేరుతుంది. హైదరాబాదులో ఇద్దరు లైసెన్సు దోస్తులు "మీ దగ్గర వాన పడ్డదా" అని ఒకరినొకరు అడిగితే చాలు, మునవ్వర్‌కు ఇక్కడ అన్నం సంగతి గుర్తుండదు.

కానీ కాలం రెండు వేల ఎనిమిదికి వచ్చేసింది. దోస్తులు ఒక్కొక్కరే డిజిటల్ సెట్లు కొన్నారు. డిజిటల్ మాట పాత స్కానరులో గరగరమంటుంది, అంతే. ఆ గరగరలో ఎవరో ఏదో అద్భుతం మాట్లాడుకుంటున్నారని మునవ్వర్ నమ్మకం. వానే పడి ఉంటుందని ఆయన భార్య నిషాత్ అనుమానం.

సరిగ్గా అప్పుడే ఒక కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. కొత్త డిజిటల్ స్కానరు తయారు చేస్తున్నాం, హాబీ ఉన్నవాళ్లకు దాంట్లో ఏమేం కావాలో మా మనిషి వచ్చి స్వయంగా రాసుకుంటాడు, అందరికంటే మంచి సలహా ఇచ్చినవాళ్లకు బజారులోకి రాకముందే ఒక సెట్టు ఉచితం. కింద ఒక గడి ఉంది: మీ సంఘంలో సభ్యులెందరు? సంఘమంటే మునవ్వర్, గద్వాలలో టెలిఫోన్ ఎక్స్చేంజీ నుంచి రిటైరైన తిమ్మప్ప, నాగర్‌కర్నూల్‌లో కాలేజీ ల్యాబు చూసుకునే కురుమూర్తి. మునవ్వర్ కలం పట్టుకుని కాసేపు ఆలోచించి, నలభై రెండు అని రాశాడు. నలభై రెండు మంది ఉన్న చోటికి కంపెనీ పరుగెత్తుకొస్తుందని ఆశ. అది నిజంగానే పరుగెత్తుకొస్తోంది.

"అజీ," అని భర్తను పిలిచింది నిషాత్ వంటింటి గడపలోంచి.

మునవ్వర్ చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్నాయి.

"అజీ, చాయ్ చల్లారుతుంది." ఇంకాసేపటికి, "అజీ, బయట ఎవరో లైను కట్టిండ్రు."

అదీ వినపడలేదు. ఆమె వచ్చి హెడ్‌ఫోన్ తీగ పీకింది. అప్పుడు గల్లీలోంచి చప్పుడు వినపడింది. చిన్న చప్పుడు కాదు, సంతరోజు చప్పుడు.

నలభై రెండులో సగం మందైనా కనబడాలని శుక్రవారం నాడు మునవ్వర్ చేసిన పని ఒక్కటే. ఎదురుగా హోటలు నడిపే నర్సింహులుతో, "అన్నా, ఆదివారం ఇరవై మందిని కూసోబెట్టు. హైదరాబాద్ నుంచి సారొస్తుండు. మీకేం గావాలె అని అడుగుతడు, ఫారం రాసుకుంటడు. ఊకె తలకాయ ఊపితే చాలు," అన్నాడు. నర్సింహులు నిజాయితీపరుడు. ఈ ముక్కలే, ఒక్క అక్షరం మార్చకుండా, రెండు రోజులపాటు వచ్చిన ప్రతి గిరాకీకి చాయ్‌తో పాటు అందించాడు. హైదరాబాద్ నుంచి సారు, మీకేం కావాలో అడుగుతడు, ఫారం రాసుకుంటడు. ఇంక రేడియో అన్న మాటతో పనేముంది?

మునవ్వర్ తలుపు తీశాడు. గల్లీ ఈ కొస నుంచి ఆ కొసకు మనుషులు. ప్రతి చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో రేషన్ కార్డు జిరాక్సు, రెండు ఫోటోలు. శ్రీరంగాపూర్ నుంచి ఒక జీపు నిండా దిగుతున్నారు. గల్లీ మొగదల, వేపచెట్టు నీడలో, బల్ల వేసుకుని మాసయ్య. రోజూ ఎమ్మార్వో ఆఫీసు ముందర అర్జీలు రాసే మాసయ్య, ఆదివారమని కూడా చూడకుండా, కార్బన్ పేపర్లతో సహా ఇక్కడికి మారాడు.

"నర్సింహులన్నా, ఏందిది?" అన్నాడు మునవ్వర్.

"ఇరవై మంది అంటివి గద. జర ఎక్కువైండ్రు," అన్నాడు నర్సింహులు, పెద్ద కెటిల్ ఎత్తుకుంటూ. "కోపం జేయకు భాయ్. ఒకల్ని రమ్మని ఇంకొకల్ని వద్దంటే బాగుండదు."

మునవ్వర్ మాసయ్య దగ్గరికి ఉరికాడు. "మాసయ్య మామా, వీళ్లను పంపియ్యి. వచ్చేది గవర్నమెంటు సారు గాదు."

"కారుల వస్తుండా?"

"కారులనే."

"ఫారాలు తెస్తుండా?"

"తెస్తుండు గని..."

"మరి గవర్నమెంటు కాకపోతె ఏంది," అన్నాడు మాసయ్య, తల ఎత్తకుండా. "టోకెన్లు గూడ ఇచ్చిన. నూటా ఇరవై అయినయి. ఇప్పుడు వొద్దంటే నన్ను ఊరు బతకనియ్యదు. సారు పేరేంది, పైన రాయాలె."

"పేరు తెల్వదు. స్కానర్ కంపెనీ సారు."

మాసయ్యకు అంతే చాలు. అప్పటిదాకా ఖాళీ వదిలిన చోటల్లా ముత్యాల్లాంటి అక్షరాలతో నింపడం మొదలుపెట్టాడు: మహారాజశ్రీ స్కానర్ సారు గారి దివ్య సముఖమునకు.

మునవ్వర్ తెలివి అప్పుడు పనిచేసింది. పోనీ, వీళ్లందరినీ సభ్యులే అనేస్తే? నలభై రెండు కావాలి, నూట ఇరవై ఉన్నారు. మిగతావి తర్వాత చూసుకోవచ్చు. తన కాగితాలు నాలుగు, ముప్పై ఒక్క కోరికలు, జేబులోంచి తీసి మాసయ్య ముందు పెట్టాడు. డిజిటల్ మాట వినపడాలి. చానెల్ పేర్లు తెలుగు అక్షరాల్లో కనపడాలి. కరెంటు పోతే పెన్సిల్ సెల్లులతో ఆడాలి. సెల్లులు మారిస్తే దాచిపెట్టిన చానెళ్లు మరిచిపోకూడదు. ఏడాదిపాటు రాసుకున్నవి.

"నాది ముందట పెట్టు మామా. మొదటి టోకెన్."

మాసయ్య కళ్లద్దాలు సవరించుకుని మొదటి పేజీ చదివాడు, రెండో పేజీ చూశాడు, మూడోది లెక్కపెట్టకుండానే మడిచి తిరిగి ఇచ్చాడు. "ఇది అర్జీ గాదు."

"ఎందుకు గాదు?"

"ముప్పై ఏండ్ల నుంచి రాస్తున్న. అర్జీల కోరిక ఒక్కటే ఉండాలె. ఒకటుంటే ఆఫీసరు చదువుతడు. రెండుంటే కింద పెడతడు. ముప్పై ఒకటుంటే నీ మొకం జూస్తడు. పోయి ఒకటి తేల్చుకొని రా."

అప్పుడే గద్వాల బస్సు దిగి తిమ్మప్ప, నాగర్‌కర్నూల్ బస్సు దిగి కురుమూర్తి, ఇస్త్రీ చొక్కాలతో గల్లీలోకి వచ్చారు. జనాన్ని చూసి తిమ్మప్ప కళ్లు చెమర్చాయి.

"హౌదా మునవ్వరూ, నిజమేనా? మన హాబీ ఇంతమందికున్నదా? నాకు ఒక్కనికి జెప్పకపోతివి గదయ్య."

"సార్, మన సంఘానికి మాసయ్య మామ ఒక్కటే కోరిక అంటుండు. మనం ముగ్గురం ఒకటి తేల్చాలె."

"గదేమంత కష్టం," అన్నాడు కురుమూర్తి. "తిప్పే గుండీ ఉండాలె. అదొక్కటి రాయి."

"గుండీ ఏంది, గుండీ," అన్నాడు తిమ్మప్ప. "నంబర్లు కొట్టే మీటలుండాలె. గుండీ తిప్పుకుంట కూసుంటే మాట్లాడెటోడు ముసలోడైపోతడు."

"మీటలు మూడు నెల్లకు అరుగుతయి సార్."

"నీ యేలు పెట్టి నూకితే అరుగుతయి. నా ఫోను మీటలు పదిహేనేండ్లాయె, స్వల్పనన్న అరిగినయా చూడు."

వాళ్లిద్దరినీ వేపచెట్టు కింద వదిలేసి మునవ్వర్ ఇంటివైపు తిరిగితే, నిషాత్ మాసయ్య బల్ల పక్కన చాయ్ గ్లాసుతో నిలబడి ఉంది. మాసయ్య ఏదో అడుగుతున్నాడు, ఆమె చెప్తోంది, ఆయన కలం నడుస్తోంది. ఈమెకేం పని ఇక్కడ అనుకున్నాడు గానీ, అడిగే టైము లేదు. గల్లీ మొగదల తెల్ల కారు హారను కొట్టింది.

కంపెనీ సారు శ్రవణ్ కుమార్‌కు ఇరవై ఏడేళ్లుంటాయి. టై కట్టుకున్నాడు. పోయినవారం ఒక పెద్ద ఊళ్లో మీటింగు పెడితే నలుగురొచ్చారు, వాళ్లలో ఇద్దరు ఏసీ కోసం వచ్చారు. అలాంటిది కారు దిగగానే నూట అరవై మంది ఒక్కసారి లేచి నిలబడి దండం పెట్టారు. శ్రవణ్ కుమార్ అక్కడే ఫోను తీసి హైదరాబాదుకు చేశాడు.

"సార్, వనపర్తి నుంచి. మీరు నమ్మరు సార్. ఆడవాళ్లు కూడా వచ్చారు."

మునవ్వర్ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "నలభై రెండని రాశారండీ మీరు. ఎంత అణకువ మీకు." మునవ్వర్ నవ్వబోయాడు, ముఖం సహకరించలేదు.

గుమ్మం ముందు కుర్చీ వేశారు. మొదటి టోకెన్ ఇందిరమ్మది. శ్రీరంగాపూర్ అవతల మూడెకరాల కౌలు, వేరుశనగ. ఆమె అర్జీ చేతిలో పెట్టి రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది.

"చెప్పండమ్మా. కొత్త స్కానర్లో మీకేం కావాలి?"

"కరెంటు," అంది ఇందిరమ్మ.

శ్రవణ్ కుమార్ ఫారంలో బ్యాటరీ అని రాసుకున్నాడు. "ఎన్ని గంటలు రావాలండీ?"

"ఏడు గంటలంటరు సారూ, పగలు కొన్ని, రాత్రి కొన్ని. గని ఎప్పుడొస్తదో తెల్వదు. మోటరు కాడ్నే పండుకుంటున్న. ఎప్పుడొస్తదో ముందుగాల చెప్పాలె. వచ్చినంక ఎవరైన చెప్తరు."

ఆయన కలం ఆగింది. అర్జీ విప్పి చదివాడు, మునవ్వర్‌ను చూశాడు, మళ్లీ ఇందిరమ్మను చూశాడు. "అమ్మా, మీ ఇంట్లో స్కానరుందా?"

"మా ఇంట్ల ఏమీ లేదు సారూ. గందుకే గద వస్తిమి."

రెండో అర్జీ రేషన్ కార్డుది. మూడోది పింఛను. నాలుగోది అమ్రాబాద్ నుంచి వచ్చిన పెద్దాయనది, ఊళ్లోకి ఎలుగుబంటి వస్తోందని. ఎలుగుబంటి కాగితం బల్ల మీద పెట్టి శ్రవణ్ కుమార్ మెల్లగా అడిగాడు.

"మునవ్వర్ గారూ, వీళ్లలో మీ సభ్యులెందరు?"

మునవ్వర్ నేలను చూశాడు. "ముగ్గురం సార్."

"మరి మిగతా ముప్పై తొమ్మిది?"

"ఆశ సార్."

శ్రవణ్ కుమార్ కలానికి మూత పెట్టాడు. వేపచెట్టు కింద నుంచి "మీటలు" అని ఒకసారి, "గుండీ" అని ఒకసారి వినపడింది.

"ముగ్గురి కోసం కంపెనీ సెట్టు ఇవ్వదండీ," అన్నాడు శ్రవణ్ కుమార్, తిట్టకుండానే, అది ఇంకా బాధగా ఉంది. లేచి కారువైపు నడిచాడు. కారు ముందు జనం ఉన్నారు. వెనక కూడా ఉన్నారు. ఎవరూ కోపంగా లేరు, పక్కకు జరగనూ లేదు. కారులో వచ్చిన సారు అర్జీలు తీసుకోకుండా పోవడమన్నది అక్కడెవరూ ఇంతవరకు చూడలేదు, కాబట్టి ఎలా దారి ఇవ్వాలో వాళ్లకు తెలియదు.

మాసయ్య వచ్చి ఆయన చెవి దగ్గర చెప్పాడు. "సారూ, పరేషాన్ గాకుర్రి. రెండు చేతులతోని తీసుకోవాలె. ఒక్కసారి మడత విప్పాలె. మూలకు చిన్న సంతకం. చూస్తం అనాలె. గంతే, పోతరు."

"కానీ నేను ఏం చూడగలనండీ?"

"చూసెటోళ్లు గూడ గదే అంటరు సారూ."

శ్రవణ్ కుమార్ మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. విప్పాడు, సంతకం పెట్టాడు, చూస్తాం అన్నాడు. ఇరవయ్యో అర్జీకి టై విప్పాడు. యాభయ్యోదానికి నర్సింహులు చాయ్ ఇచ్చాడు. నూరు దాటాక ఆయన "చూస్తాం" పోయి "చూస్తం" వచ్చింది. లైనులో ఒకసారి తెల్ల దుపట్టా కనపడి మునవ్వర్ తల ఎత్తాడు. నిషాత్. కాగితం ఇచ్చి, సంతకం చూసుకుని, సమోసాల గిన్నె తీసుకుని లోపలికి పోయింది. అడుగుదామనుకున్నాడు, ఆ వెనకే జీపువాళ్లు తోసుకొచ్చారు.

రెండున్నరకు అర్జీల మూట డిక్కీలో ఎక్కింది. నాలుగు కాగితాలు చేతిలో పట్టుకుని మునవ్వర్ కారు పక్కన కాస్త దూరం నడిచాడు. అద్దం దిగలేదు. తిమ్మప్ప, కురుమూర్తి అప్పటికి ఒక ఒప్పందానికి వచ్చారు: గుండీ, మీట రెండూ వద్దు, ఇద్దరూ ఇంక మాట్లాడుకోవడం కూడా వద్దు.

నాలుగు నెలలు మునవ్వర్ గరగరతోనే గడిపాడు. వానలు మొదలయ్యాక ఒకరోజు ఇంటికి పార్సిల్ వచ్చింది. మీద పేరు శ్రీమతి నిషాత్. లోపల నల్లగా మెరిసే డిజిటల్ స్కానరు, కంపెనీ ఉత్తరం.

"వనపర్తిలో స్వీకరించిన నూట అరవై మూడు అర్జీలను శ్రద్ధగా చదివాం. కరెంటు గురించినవి, రోడ్ల గురించినవి, ఎలుగుబంటి గురించినది సంబంధిత ఆఫీసులకు పంపించాం. స్కానరు గురించి వచ్చినది ఒక్కటే. అది మా ఇంజనీర్లకు ఎంతో నచ్చింది, అందుకోసం సెట్టులో చిన్న మైకు అమర్చాం." ఉత్తరానికి ఆ అర్జీ జిరాక్సు కుట్టి ఉంది. మాసయ్య అక్షరాలు.

"మహారాజశ్రీ స్కానర్ సారు గారి దివ్య సముఖమునకు నిషాత్ వ్రాసుకొను విన్నపము. లోకంలో ఎవరు మాట్లాడినా ఆ పెట్టె ఆగి వినును. ఇంట్లో నేను మాట్లాడితే ఆగదు. కావున నా మాటకు కూడా ఆగునట్లు ఏర్పాటు చేయగలరని ప్రార్థన."

మునవ్వర్ రెండుసార్లు చదివాడు. "నాకు జెప్తే అయిపోవు గద," అన్నాడు.

"చెప్పిన," అంది నిషాత్. "మూడేండ్ల నుంచి చెప్తున్న."

మునవ్వర్ సెట్టు బల్ల మీద పెట్టాడు, తీగ కలిపాడు, మీట నొక్కాడు. చానెళ్లు పరుగెత్తాయి, ఒక చోట ఆగాయి. గరగర లేదు. గాజు కడిగినట్టు స్వచ్ఛంగా ఒక గొంతు, ఏళ్లుగా దాగి ఉన్న ఆ అద్భుతం, గదిలోకి వచ్చింది: "మీ దగ్గర వాన..."

"అజీ, చాయ్," అంది నిషాత్ వంటింట్లోంచి, నెమ్మదిగానే.

సెట్టు ఠక్కున నోరు మూసుకుంది.

నెల తర్వాత, పనితీరు ఎలా ఉందో రాయమని కంపెనీ పంపిన ఫారాన్ని నిషాతే నింపింది. లోపాలు అన్న గడిలో ఏమీ లేవని రాసింది.