ఆకలిగొన్నవారు కాయలు తాకరాదు

ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టామంటే వాడి బతుకు మన చేతులారా నాశనం చేసినట్టే! ఇదేదో నోటికొచ్చింది అనడం కాదు. ముప్ఫై ఏళ్లు లెక్కల మాస్టారుగా పిల్లల చెవులు మెలేసినవాణ్ణి. ఇప్పుడు మా చర్చి తోట కమిటీకి సెక్రెటరీని. నిరూపించకుండా ఒక్క ముక్క మాట్లాడను.

ఎనిమిదేళ్లుగా మా చర్చిలో ప్రతి మంగళవారం ఒక ఘోరం జరిగేది. పాస్టరమ్మగారు పొద్దున్నే పొయ్యి మీద ఇంత పెద్ద గిన్నె ఎక్కించి గంజి కాచేవారు. అరవైమంది టోకెన్లు పట్టుకుని వరసలో నిలబడి, కడుపునిండా తాగి, మూతి తుడుచుకుని వెళ్లిపోయేవాళ్లు. వచ్చే మంగళవారానికి మళ్లీ ఆకలి! ఇదేం పద్ధతండీ? ఎనిమిదేళ్లు పోసినా పర్మనెంటుగా ఆకలి తీరలేదంటే లోపం గంజిలో ఉన్నట్టా, వాళ్ల కడుపుల్లో ఉన్నట్టా?

రెండింట్లోనూ ఉందని మా కమిటీ తేల్చింది. కమిటీ అంటే పదకొండుమందిమి. రిటైరైన బ్యాంకు ఆఫీసరు, పళ్ల డాక్టరు, పాటల బృందం లీడరు, ఇలా అందరూ పెద్దమనుషులే. మట్టిని చెప్పుల కింద తప్ప ఎరగనివాళ్లం కాబట్టి వ్యవసాయం గురించి మాకెవరికీ ఎలాంటి దురభిప్రాయాలూ లేవు. చర్చి వెనక పావు ఎకరం ఖాళీగా పడి ఉంది. అందులో కూరగాయలు వేయిస్తాం, పేదలు తమ తిండి తాము పండించుకోవడం నేర్చుకుంటారు, ఇంక ఎవరి ముందూ చెయ్యి చాచే పనే ఉండదు! స్వయంసమృద్ధి తోట అని పేరు పెట్టాం. బ్యానర్ కట్టాం, టీషర్టులు తొడుక్కున్నాం, ప్రార్థన చేశాం. ఆ రోజునుంచే గంజి ఆపేశాం.

ఇంకా విత్తనమైనా వేయలేదు కదా అంటారా? అక్కడే మీరు పప్పులో కాలేశారు! ఒకపక్క గంజి తాగుతూ ఇంకోపక్క స్వయంసమృద్ధి సాధిస్తానంటే కుదురుతుందా? కడుపు కాలితేనే చెయ్యి కదులుతుంది. అందుకని మంగళవారాలు గంజికి బదులు ఒక గంటసేపు క్లాసు పెట్టాం. చెప్పేది నేనే. చివరిదాకా నిద్రపోకుండా కూర్చున్నవాళ్లకి ఒక బ్రెడ్డుముక్క.

తోట తవ్వింది మాత్రం ఆ అరవైమందే. మేం నీడలో కుర్చీలు వేసుకుని ప్రోత్సహించాం. వాళ్లలో ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఉతికి నడుం వంగిపోయిన ఒక ముసలావిడ ఉండేది. తల్లీతండ్రీ లేని ఇద్దరు మనవరాళ్లని సాకుతోంది. ఆవిడ టోకెన్ నంబరు నాలుగు. అందరూ నాలుగో నంబరమ్మ అనేవాళ్లు. పార పట్టిందంటే పక్కనున్న మగాళ్లు సిగ్గుపడాల్సిందే.

తోట విరగకాసింది! ఎర్రెర్రని టమాటాలు, నిగనిగలాడే వంకాయలు, తీగలకి గుత్తులుగుత్తులుగా చిక్కుళ్లు. అప్పుడొచ్చింది అసలు ప్రమాదం. ఇవి తినొచ్చు కదా అని కొందరికి దుర్బుద్ధి పుట్టింది!

ఎలా తింటారండీ? తోట చూడడానికి పై సంఘం పెద్దలు వస్తున్నారు. కాయలన్నీ కోసేసిన తోటని ఫొటో తీస్తే ఏం కనిపిస్తుంది, ఆకులా? అందుకని చుట్టూ కంచె వేసి, గేటుకి తాళం బిగించి, నా ముత్యాల్లాంటి అక్షరాలతో బోర్డు రాసి తగిలించాను. "ఆకలిగొన్నవారు కాయలు తాకరాదు."

పెద్దల రాక ఒకసారి వాయిదా పడింది. తర్వాత ఇంకోసారి. టమాటాలు పండి, పగిలి, నేల రాలడం మొదలైంది. ఒక మంగళవారం క్లాసు అవగానే నాలుగో నంబరమ్మ నా దగ్గరికొచ్చింది.

"బాబుగారూ, పళ్లన్నీ నేలపాలవుతున్నాయి. చెట్టువి మీరే ఉంచుకోండి. రాలినవన్నా ఏరుకోనివ్వండి."

"కుదరదమ్మా. కింద కూడా నాలుగు పళ్లుంటే ఫొటోలో నిండుగా ఉంటుంది."

"ఫొటోకి కడుపుంటుందా బాబూ? ఆ తాత నిన్న మంచినీళ్లు తాగి పడుకున్నాడు."

తాత అంటే ఇరవై రెండో నంబరు. ఒకప్పుడు వాచ్‌మన్, ఇప్పుడు ఒక కాలు వంగదు. ఆయనకి క్రమశిక్షణ తక్కువ. రెండు క్లాసుల్లో నిద్రపోయి బ్రెడ్డు పోగొట్టుకున్నాడు. ఆకలికి సొమ్మసిల్లాడని పాస్టరమ్మగారు వాదించారనుకోండి. పంట కోసేటప్పుడు రాలిన పరిగె పేదలకి వదిలేయమని బైబిలు వాక్యంలో ఉందని కూడా ఆవిడే గుర్తుచేశారు. ఉంది, కాదనను. కానీ ఆ పొలాలకి కమిటీలు లేవు కదా!

మొదటి పంట అలా తోటలోనే పవిత్రంగా కుళ్లిపోయింది. రెండో పంట వేయించాం. కంచె కిందనుంచి దొర్లిపోయిన రెండు కుళ్లు టమాటాలూ, ముదిరి పండిన ఒక వంకాయా, బయటికి వేలాడి ఎండిపోయిన చిక్కుడుకాయలూ నాలుగో నంబరమ్మ కొంగున కట్టుకుపోవడం నేను చూశాను. చెత్తే కదా, పోనీలే అనుకున్నాను. నా జీవితంలో నేను చేసిన ఘోరమైన పొరపాటు అదే!

కొన్నాళ్లకి నాలుగో నంబరమ్మ క్లాసుకి రావడం మానేసింది. తర్వాత తొమ్మిది రాలేదు. పదకొండు, పదిహేను, ముప్ఫై రెండు... చివరికి పెద్దల రాక ఖాయమయ్యేసరికి మాకు మిగిలింది ఏడుగురు. పార ఎత్తే ఓపిక లేనివాళ్లూ, మన తాతా.

అర్జెంటుగా మీటింగ్ పెట్టాం. బ్యాంకు ఆఫీసరుకి చెమటలు పట్టాయి.

"అరవైమంది ఆకలివాళ్లున్నారని పెద్దలకి రాసిచ్చాం. ఏడుగుర్ని చూపిస్తే మన పరువేంగానూ?"

అసలు ఆకలివాళ్లే లేకపోతే మనం ఎవరి ఆకలి తీరుస్తున్నట్టని పాస్టరుగారు దిగులుపడ్డారు. నన్ను పంపించారు.

నాలుగో నంబరమ్మ ఉండే సందు మనిషి పట్టేంత వెడల్పు. అక్కడ నేను చూసిన దృశ్యం పగవాడికి కూడా వద్దు. చిల్లుపడ్డ బకెట్లలో టమాటాలు! పగిలిన బట్టల తొట్టెలో వంగమొక్కలు! కిటికీ ఊచలకి చిక్కుడు తీగ! ఆ గుమ్మంలోనే కాదు, వరసగా సందు చివరిదాకా అన్ని గుమ్మాల్లోనూ!

"ఎవరి పర్మిషన్‌తో పండించావమ్మా ఇవన్నీ?"

"ఎవరి తిండి వాళ్లు పండించుకోవాలని మీరేగా బాబూ క్లాసులో చెప్పారు. నిద్రపోకుండా విన్నాను."

"వినమన్నాను గానీ చేసేయమన్నానా?"

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను పట్టించుకోకుండా, పెద్దలు వస్తున్నారనీ, ఆ ఒక్కరోజుకి సందులో అందరూ కాస్త ఆకలిగా వచ్చి వరసలో నిలబడాలనీ మర్యాదగానే అడిగాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"నా మనవరాళ్లు కడుపునిండా తిని పడుకోబట్టి రెండు నెలలైంది. వాళ్లని మళ్లీ ఆ వరసలో నిలబెట్టను. ఏం, ఆ ఏడుగురు చాలరా మీకు? మా బకెట్లలోది మాకే బొటాబొటి. ఆ తోటలోవి కోసి వాళ్లకింత గంజిలో వేస్తే మీ సొమ్మేం పోయింది?"

"పెద్దలు చూశాక ఆలోచిద్దాం."

"చూసేదాకా తాత బతకాలిగా! సరే, నేనొస్తాలెండి."

పెద్దలు వచ్చారు. తోట చూసి మురిసిపోయారు. టమాటా పక్కన నిలబడి ఫొటో, వంకాయ పట్టుకుని ఫొటో, నా బోర్డుకి మాత్రం ముందుగానే బ్యానర్ కప్పేశాం. అన్నీ సవ్యంగా జరుగుతుండగా వాళ్లలో ఒక భారీమనిషి అడక్కూడని మాట అడిగాడు.

"వీటిని వండేదెక్కడ?"

పాటల బృందం లీడరు గబుక్కున పాట ఎత్తుకున్నాడు.

రెండో చరణంలో ఉండగా చర్చి వంటింటి వైపునుంచి తాలింపు వాసన వచ్చింది. వెళ్లి చూద్దుము కదా, పాస్టరమ్మగారి పెద్ద గిన్నె మళ్లీ పొయ్యెక్కింది! సందులో ఆడవాళ్లంతా తలో గుప్పెడు కూరగాయలు కొంగుల్లో పోసుకొచ్చారు. నాలుగో నంబరమ్మ గరిటె తిప్పుతోంది. ఆ ఏడుగురూ బల్ల ముందు కూర్చున్నారు. ఇరవై రెండో నంబరు తాత వంగని కాలు పక్కకి చాపుకుని మూడోసారి వడ్డించుకుంటున్నాడు.

పెద్దలు కూడా కూర్చుని తిన్నారు. మీ తోట కూరగాయల రుచే వేరన్నారు. అంతా ప్రభువు మహిమ అని మేం వినయంగా తలలు వంచాం. తోట ద్వారా యాభైమందికి భోజనం అని రిపోర్టు కూడా నేనే రాశాను. తోట లేకపోతే కంచె లేదు, కంచె లేకపోతే కుళ్లు టమాటా దొర్లదు, అది దొర్లకపోతే ఈ భోజనం లేదు. నిరూపిస్తానన్నానుగా, నిరూపించాను.

అంతా అయ్యాక నాలుగో నంబరమ్మ గరిటె పట్టుకుని నా వైపు తిరిగింది.

"పొద్దుటినుంచి నిలబడే ఉన్నారు. తిన్నారా బాబూ?"

లేదని నా నోటినుంచి ఎలా వచ్చిందో వచ్చేసింది. ఆవిడ కంచం నిండా పెట్టి చేతికిచ్చింది. తిన్నాను. సిగ్గు లేకుండా మారు కూడా అడిగాను.

ఇప్పుడు కూలీలతో వేయించిన మూడో పంట చేతికొచ్చింది. పెద్దలు మళ్లీ వస్తామన్నారు. గేటు తాళం వేసే ఉంది. మంగళవారాలు ఆ ఏడుగురూ సందులోకే పోతున్నారు. పాస్టరమ్మగారు గిన్నె తీసుకుని తనూ అక్కడికే వెళ్తున్నారు. మేం మాత్రం దారి తప్పలేదు.

పాఠకులారా, మీ చర్చిలో కూడా ఇలాంటి తోట పెట్టదలుచుకుంటే నాదొక్కటే సలహా. ఏడాదిలో ఇరవై మూడు మీటింగులు పెట్టాం. ఆ అరవైమందిలో ఏ ఒక్కరినీ "తిన్నారా?" అని మేమెవరమూ అడగలేదు. అడిగామంటే వాళ్లు జవాబు చెప్పేస్తారు. విన్నాక ఊరుకోలేం. కోయాలి, వండాలి, దగ్గర కూర్చోబెట్టుకుని వడ్డించాలి. రెండు రోజుల్లో తోట బోసిపోతుంది. అడక్కుండా జాగ్రత్తపడ్డాం కాబట్టే మా తోట ఇవాళ్టికీ నిండుగా, పచ్చగా కళకళలాడుతోంది!