కార్జం ఖాళీ చేసిన విటమిన్

సత్తెవ్వ బర్రె కార్జంలో, అంటే కాలేయంలో, తొమ్మిదేళ్లుగా కాపురముంటున్న విటమిన్ ఏ, మంగళవారం పొద్దున పాలు పితికే వేళకు బయటికి వచ్చి, చొక్కా గుండీలు పెట్టుకుని, మండల పశువుల ఆసుపత్రికి నడిచి వెళ్లింది. మనిషి ఎత్తే ఉంది గానీ సన్నగా, పాలిపోయిన పసుపు రంగులో ఉంది. సత్తెవ్వ చెంబు అక్కడే వదిలేసి వెంట నడిచింది.

దారిలో ఎవరూ ఆగి చూడలేదు. కల్లు దుకాణం ముందు కూర్చున్న మల్లారెడ్డి మాత్రం, "మీది గూడ పోతుందా అక్కా? మాది నిరుడే పోయింది," అన్నాడు.

ఆసుపత్రిలో ఇట్లా వచ్చే విటమిన్లకు వేరే కిటికీ ఉంది. అప్పటికే రెండు గొర్రెల విటమిన్లు, ఒక మేకది వరుసలో నిలబడ్డాయి. వాటి వంతు అయ్యాక డాక్టర్ భార్గవి, కార్జం ఖాళీ చేస్తానంటూ విటమిన్ ఏ రాసుకొచ్చిన అర్జీ అందుకుంది.

"కారణం రాయలేదేం?"

"చోటు లేదు మేడం," అంది విటమిన్. "మేతకేసిన మక్క చొప్పతో పాటు పురుగుల మందు వచ్చింది. వచ్చింది మళ్లీ పోలేదు. దాంతో ఎట్లనో సర్దుకున్న. పైనుంచి కడుపులో ఏలికపాములు చావాలని నెలనెలా నట్టల మందు. నట్టలు దొరకని నాడు నన్నే తరిమింది."

ఏడాదికి రెండు మూడుసార్లు చాలన్న నట్టల మందును నెలనెలా గొట్టంతో పోసింది సత్తెవ్వే. బర్రె బాగుండాలనే పోసింది.

"నాకు తెల్వదు బిడ్డా," అంది మెల్లగా. "దానికి ఎనిమిదో నెల. ఈనే దాక ఉండు. దూడకు చూపు రావాలె గద."

విటమిన్ ఆమె ముఖంలోకి చూడలేకపోయింది. "ఉండాలనే ఉంది అవ్వా. కాలు పెట్ట సందు లేదు."

డాక్టర్ రిజిస్టరు తెరిచింది. పురుగుల మందుకు లైసెన్సు ఉంది. నట్టల మందు డబ్బా మీద సీలు ఉంది. విటమిన్ ఏ ఆ కార్జంలో ఉన్నట్టు మాత్రం ఏ కాగితమూ లేదు. కాగితం లేనివాళ్లే ఖాళీ చేయాలని నిబంధన. ఆమె సంతకం పెట్టింది. విటమిన్ దండం పెట్టి బస్సెక్కింది.

"మరి దూడ?" అంది సత్తెవ్వ.

"దూడకు వేరే ఫారం అవ్వా. కూర్చో."

సాయంత్రం దాకా కూర్చుంది. ఐదున్నరకు ఫారం వచ్చింది. అందులో 'చూపు' అన్న గడిలో 'స్టాకు వచ్చిన పిమ్మట' అని రాసి, గుండ్రటి ముద్ర వేశారు. సత్తెవ్వ ఆ ముద్రనే చూస్తూ ఉండిపోయింది. పుట్టని దూడ కండ్లకు నంబరు కూడా పడింది.

అప్పుడే వెలుతురు తగ్గింది. అటెండరు గోడ మేకు నుంచి పొడవాటి నైలాను తాడు తీశాడు. డాక్టర్, కాంపౌండరు, గుమస్తా లేచి, తడుముకుంటూ వచ్చి దాన్ని పట్టుకున్నారు. అటెండరు ముందు నిలబడి గోడను వేళ్లతో వెతుక్కుంటూ గడప దాటాడు. మెట్టు దగ్గర కాంపౌండరు తూలితే వెనకున్న గుమస్తా అలవాటుగా భుజం పట్టుకున్నాడు.

"మీకు గూడ కనవడదా మేడం?" అని అడిగింది సత్తెవ్వ.

"చీకటి పడితేనే. రెండేళ్లయింది. మేమూ ఈ ఊరి పాలే తాగుతాం కదా," అంది డాక్టర్. "నీకు?"

"నాకు కనవడతది."

"మంచిది." డాక్టర్ తాడు చివర వెతికి, గాలిలోకి చాచింది. "అయినా పట్టుకో అవ్వా. కనబడుతున్నప్పుడే నేర్చుకుంటే తేలిక."

సత్తెవ్వ ఫారం మడిచి కొంగున కట్టుకుంది. తర్వాత తాడు పట్టుకుంది.