పెద్దాయన బండి చక్రాలు

జమ్మలమడుగులో లెక్కలు చెప్పే ఎలీషా అయివారికి ఆ జూన్ ఉదయాన రెండు పనులున్నాయి. ఒకటి, కారు టైర్లు మార్పించడం. రెండు, సాయంత్రం ఐదు లోపల భార్య రాహేలును పులివెందుల బడిలో టీచరుగా చేర్పించడం. ఆ ఉద్యోగం కోసం రాహేలు పదకొండేళ్లు కాచుకుంది. ఆర్డరు పోస్టులో నింపాదిగా వచ్చి, గడువుకు ఒక్కరోజే మిగిల్చింది.

“ఈ పొద్దే పెట్టుకోవాల్నా నీ టైర్ల యవ్వారం?” అంది రాహేలు.

“ఎనిమిది వేల కిలోమీటర్లకొకసారి ముందరివి ఎనక్కి, ఎనకవి ముందరికి మార్చాల. నిన్నటితో ఎనిమిది వేలు నిండినాయి. అర్ధగంట పని!”

లెక్కల అయివారికి ఎనిమిది వేలంటే ఎనిమిది వేలే. ఇంకో రెండు ఎక్కువైతే ఆయనకు అన్నం సయించదు.

ఆ తెల్ల అంబాసిడర్‌ను ఏడాది కిందట ఆయన, అందరూ పెద్దాయన అని పిలిచే ప్రొద్దుటూరు పార్టీ నాయకుడి దగ్గర కొన్నాడు. ఆ సంగతి జమ్మలమడుగుకు తెలుసు గానీ చుట్టుపక్కల ఊళ్లకు తెలియదు. ప్రొద్దుటూరు పోతే ఆ నంబరు చూసి ఇప్పటికీ దండాలు పెడతారు. ఎలీషా కూడా తల పంకించి ఊరుకునేవాడు. ఊరికే వచ్చే మర్యాదను వద్దనడానికి ఆయనేమీ సన్యాసి కాదు.

అటునుంచి అటే పులివెందుల పోవచ్చని రాహేలు కూడా కారెక్కి కూర్చుంది. ముద్దనూరు రోడ్డులో మెకానిక్ కమాల్ బాషా కారును ఎత్తి రాళ్ల మీద నిలబెట్టాడు. నాలుగు చక్రాలూ ఊడదీసి అంగట్లోకి దొర్లించాడు.

“సల్లపొద్దులో తెచ్చినారు, మంచి పని సారూ. ఎండెక్కితే టైరు కాగి, గాలి కొలిస్తే దొంగలెక్క చూపిస్తాది” అన్నాడు. అంతలో కరెంటు పోయింది. గాలి పట్టే మిషను ఆగింది.

అప్పుడే గొర్రెల పెంచలయ్య జీవాలతో లారీలో ప్రొద్దుటూరు సంతకు పోతూ, రాళ్ల మీద నిలబడ్డ కారునూ దాని నంబరునూ చూశాడు. సంతలో దిగీ దిగగానే, “పెద్దాయన బండికి నాలుగు చక్రాలూ పీకేసినారప్పా” అన్నాడు. పాపం, అతను చూసిందే చెప్పాడు. మొదటి టీ కొట్టు దాటేసరికి కారు అద్దాలు పగిలాయి. రెండో కొట్టు దగ్గర డ్రైవరుకు చెయ్యి విరిగింది. పార్టీ ఆఫీసు చేరేసరికి పెద్దాయన ఆస్పత్రిలో ఉన్నాడు.

పదకొండున్నరకు కరెంటు వచ్చింది. దాని వెంటే ప్రొద్దుటూరు నుంచి ఒక సుమో కూడా వచ్చింది. సుమో దుమ్ము చూడగానే షట్టర్లు దించడం ఆ బజారుకు వెన్నతో పెట్టిన విద్య. కమాల్ బాషా కూడా దించాడు, తాళం వేశాడు, మాయమయ్యాడు. చక్రాలు లోపల, ఎలీషా బయట. కారులో రాహేలు ఆర్డరు కాగితాన్ని గుండెకు హత్తుకుని “ప్రభువా!” అంటోంది.

సుమోలోంచి పెద్దాయన మనిషి రామన్న దిగాడు. వెనుక ఐదుగురు.

“ఎవుడప్పా చక్రాలు పీకింది?”

“నేనేనప్పా, పీకించింది. బండి నాదే. పోయినేడు కొన్యా.”

“అమ్మితే అమ్మింటాడు. నంబరు మాదే గదా! దాని మీద చెయ్యి పడితే మా మీద పడినట్టే. ఎవురు పంపినారు నిన్ను?”

ఎలీషా బండి కాగితాలు తీసేలోపే ఎదురు దిక్కు నుంచి అవతలి వర్గం సుమో వచ్చి ఆగింది. రామన్న మనుషులు బజారులో దిగారని వాళ్లకు కబురు అందింది. డ్రైవర్ షరీఫ్ దిగాడు. అతని వెనుకా ఐదుగురే. రెండు గుంపుల మధ్య చక్రాల్లేని కారు, అయివారు. రాహేలు గడియారం పన్నెండు చూపిస్తోంది.

భయమేస్తే ఎలీషాకు పాఠం వస్తుంది. జేబులోంచి సుద్దముక్క తీసి, షట్టరు మీద నాలుగు సున్నాలు గీశాడు.

“ఇట్ల సూడండప్పా. మలుపు తిప్పేది ముందరి చక్రాలు. వాటి అంచులు బిన్నా, ఎనకవాటికన్నా ముందే అరుగుతాయి. మన రోడ్డేమో పెనం. కాగిన రోడ్డు మీద రబ్బరు మెత్తబడి ఇంగా అరుగుతాది. అరిగిన టైరు ఎండకు యాడో ఒకచోట పేలుతాది. అందుకే ఎండలు ముదరకముందే మార్చాల. నేను ఇప్పటికే ఆలస్యం చేసినా. తప్పు నాదే!”

షరీఫ్ వంగి తన సుమో ముందు టైరును తడిమాడు. లోపలి దారాలు బయటికొచ్చి ఉన్నాయి. అతను నిదానంగా లేచాడు.

“రామన్న మామా, మొన్న ముద్దనూరు కాడ మీరు మా మీదేసిన బాంబు...”

“మేమెయ్యలేదని ఎన్నిసార్లు చెప్పాల్రా? పేలినాక మీ బండి చూసినారా?”

“యాడ సూసినాం? శబ్దం ఇనపడగానే చేన్లలో పడి పరిగెత్తినాం. మల్ల వచ్చి చూస్తే టైరు పీలికలైంది. బాంబుకే అయిందనుకున్యాం.”

అందరి కళ్లూ షరీఫ్ సుమో టైరు మీదికి పోయాయి. ఆ బాంబు మీద రెండు కేసులు, ఒక బందు, మూడు వారాలుగా పెళ్లాంబిడ్డలకు నిద్రలేదు. ముందుగా రామన్నే పక్కున నవ్వాడు. పన్నెండుమందీ నవ్వారు. ఎలీషాకు ప్రాణం లేచొచ్చింది. సుద్దముక్కను మళ్లీ జేబులో వేసుకున్నాడు.

ఆ నవ్వులు విని పక్క మిద్దె మీంచి కమాల్ బాషా దిగాడు. “అయివారి పని ముందు కానీ. తర్వాత మావి” అన్నాడు రామన్న. “మావి కూడా” అన్నాడు షరీఫ్. మధ్యలో కరెంటు ఇంకోసారి పోయి వచ్చి, కారు రాళ్ల మీంచి దిగేసరికి మూడు.

“మావల్ల టీచరమ్మకు ఆలస్యమాయె. మేం తోడొస్తాం” అన్నాడు రామన్న, రాహేలు చేతిలోని ఆర్డరు చదివి. మంచి పేరు వాళ్లొక్కరికే పోతుంటే షరీఫ్ ఎలా ఊరుకుంటాడు? ముందొక సుమో, వెనకొక సుమో, మధ్య అంబాసిడర్. టైర్లంటే పట్టుకున్న కొత్త భయానికి ఆ సుమోలు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నలభై దాటలేదు.

ఐదుకు పది నిమిషాలుండగా బడి గేటు చేరారు. ఎవరొచ్చినా “రేపు రాపో” అనడం ఆ హెడ్మాస్టరుకు అలవాటు. వాకిట్లో రెండు వర్గాలూ కలిసి దిగడం చూసి, ఆయన తన కుర్చీ తుడిచి రాహేలుకు వేశాడు, నిలబడే సంతకం పెట్టాడు.

ఆ తర్వాత రాహేలు ఎన్ని సెలవు చీటీలు ఇచ్చినా, పేరు చూడగానే సరే అంటాడే గానీ, కారణం రాసిన వరుస దాకా ఆయన చూపు ఇంతవరకు దిగలేదు.